కోహాతో నాలుగేళ్లు: కర్నూలు బడి లైబ్రరీలో ఒక లైబ్రేరియన్ అనుభవం

మా బడి లైబ్రరీకి యాక్సెషన్ రిజిస్టర్లు, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుసగా రాసుకునేవి, మూడున్నాయి. మొదటిది 2009 అక్టోబరులో ఊరి మీదికి వరదొచ్చినప్పుడు నీళ్లలో నానిపోయింది. ఎవరో పుణ్యాత్ములు ఎండబెట్టి దాచారు గానీ ఇంకు కారిపోయి పేజీకి పది లైన్లు కూడా చదవడానికి రావు. తొమ్మిదేళ్లు తెలుగు పాఠాలు చెప్పాక లైబ్రరీ అప్పజెప్పారు నాకు. అప్పుడు నా చేతికొచ్చినవి ఆ మూడు రిజిస్టర్లు, పదకొండు బీరువాలు, ఒక తాళంచెవుల గుత్తి. లైబ్రరీ సైన్స్ డిగ్రీ ఉంది, దూరవిద్యలో చేశాను, కానీ అది పరీక్ష కోసం చదివిన చదువు. ఎదురుగా ఆరో తరగతి పిల్లవాడు నిలబడి "మేడమ్, దెయ్యాల కథల బుక్ యాడుంది?" అంటే ఏ బీరువా తెరవాలో ఆ చదువు చెప్పదు కదా.

నాలుగేళ్ల క్రితం కోహా పెట్టుకున్నాం. ఇది ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్. 1999లో న్యూజిలాండ్‌లోని హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ వాళ్లు, తమ పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తెలిసి, కటిపో అనే కంపెనీతో కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరి నుంచి వాడుతూ, దాన్ని లోకానికంతా ఉచితంగా వదిలేశారు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. ఇది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చెప్తాను. దానితో పాటు నా మనసులో ఉన్న ఇంకో మాట కూడా: లైబ్రేరియన్ పని నాకు నిజంగా వచ్చింది ఈ సాఫ్ట్‌వేర్‌తో తలపడిన రోజుల్లోనే.

ట్రైనింగులకు వెళ్లలేదని కాదు. రెండు రోజులది ఒకటి, మూడు రోజులది ఒకటి వెళ్లాను. పొద్దున్నించి సాయంత్రం దాకా స్లైడ్లు, మధ్యలో టీ, చివర సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. రెండింట్లోనూ ఒక్క పుస్తకాన్ని కూడా చేత్తో పట్టుకుని క్యాటలాగ్ చేయించలేదు. అక్కడికొచ్చిన వాళ్లలో సగంమంది నాలాగే వేరే సబ్జెక్టు చెప్పేవాళ్లు, లైబ్రరీ అదనపు బాధ్యత. వాళ్లకు కావాల్సింది "సోమవారం పొద్దున బడికెళ్లి ఏం చేయాలి" అన్నది. అది చెప్పకుండానే పంపించేశారు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కోహా నేర్చుకున్నది ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ చూసి. చిన్న చిన్న వీడియోలు, ఒక పక్క అది ఆడుతుంటే ఇంకో పక్క మన స్క్రీన్ మీద మనం చేసుకుంటూ పోవాలి, అర్థం కాకపోతే ఆపి మళ్లీ చూడాలి. ఇన్‌స్టాల్ చేయడం మాత్రం ఒంటరిగా నా వల్ల కాలేదు. కోహా లినక్స్ మీద నడుస్తుంది, మా కంప్యూటర్ సార్ రెండు ఆదివారాలు కూర్చుని పాత కంప్యూటర్ ఒకదానికి ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి, దాన్నే సర్వర్‌గా చేసి, నా టేబుల్ మీది కంప్యూటర్‌కు కలిపారు. ఇంటర్నెట్ లేకపోయినా బడి లోపల నడుస్తుంది. మా ఊరి బడికి ఇది చాలా పెద్ద మేలు.

మొదట తడబడింది రికార్డు, ఐటెమ్ అనే తేడా దగ్గర. రిజిస్టర్‌లో ఒకే పుస్తకం ఇరవై కాపీలొస్తే ఇరవై లైన్లు రాస్తాం. కోహాలో పుస్తకం వివరం ఒక్కసారే రాస్తాం, కాపీలు దాని కింద ఐటెమ్‌లుగా చేరతాయి, ఒక్కో దానికి ఒక్కో బార్‌కోడ్. చెప్పుకోడానికి చిన్న విషయమే. కానీ అలా ఎక్కిస్తూ పోతుంటే రిజిస్టర్‌లో ఆరువేల పైచిలుకు కనపడే మా లైబ్రరీలో విడివిడి పుస్తకాలు నాలుగు వేలు కూడా లేవని తెలిసింది. ఎవరో దానం చేసిన ఒకే వ్యాకరణం పుస్తకం నలభై కాపీలు బీరువాలో ఒక అర మొత్తం ఆక్రమించి కూర్చుంది. మరుసటి ఏడాది కొనుగోలు లిస్టు రాసేటప్పుడు ఇది ఎంత పనికొచ్చిందో చెప్పలేను.

ఇంగ్లీషు పుస్తకాలైతే అట్ట మీదుండే ఐఎస్‌బీఎన్ నంబరు కొట్టి వేరే లైబ్రరీల నుంచి రికార్డు దించుకోవచ్చు, దీన్ని జెడ్39.50 అంటారు, రెండు నిమిషాల పని. తెలుగు పుస్తకాల దగ్గర అసలు కష్టం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి నాకు దొరికిన తెలుగు రికార్డులు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, పైనా కిందా గీతలూ చుక్కలతో ఉన్నాయి. ఏ పిల్లవాడు అలా టైపు చేసి వెతుకుతాడు? అందుకని ప్రతి తెలుగు పుస్తకం పేరూ, రచయిత పేరూ తెలుగు లిపిలో నేనే కొట్టాను. ఏడాదిన్నర పట్టింది. పీరియడ్ల మధ్య, సాయంత్రం బడి వదిలాక, ఎండాకాలం సెలవుల్లో కొన్ని వారాలు.

పేర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టే ప్రతి తెలుగు లైబ్రేరియన్ ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంగ్లీషు పద్ధతిలో ఇంటిపేరు ముందు, కామా, తర్వాత అసలు పేరు. మనకు ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారినే తీసుకోండి, మన కర్నూలులోనే 1883లో పుట్టి ఆంధ్రదేశంలో గ్రంథాలయ ఉద్యమాన్ని నడిపిన పెద్దాయన. ఆయన పేరును ఒక రికార్డులో "గాడిచర్ల హరిసర్వోత్తమరావు" అని, ఇంకోదాంట్లో "హరిసర్వోత్తమరావు, గాడిచర్ల" అని, మరోదాంట్లో "జి. హరిసర్వోత్తమరావు" అని కొడితే కోహాకు ఆయన ముగ్గురు మనుషులు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు కూడా అంతే. దీనికి మందు అథారిటీ రికార్డు. ఒక పేరును ఖాయం చేసి, మిగతా రూపాలన్నీ "దీన్ని చూడు" అని దానికి తగిలించాలి. నేను ఇది మొదటి ఎనిమిది నెలలు చేయలేదు, పని ఎక్కువని వదిలేశాను. తర్వాత వెనక్కెళ్లి వందల రికార్డులు దిద్దుకోవాల్సొచ్చింది. మీరు మొదటి రోజు నుంచే చేయండి.

తెలుగులో వెతుకులాట మొదట్లో సరిగ్గా పనిచేయలేదు. పుస్తకం ఉందని నాకు తెలుసు, కొడితే రాదు. తర్వాత తెలిసింది, కోహా వెతకడానికి వాడే జీబ్రా అనే ఇండెక్స్‌ను ఐసీయూ అనే, తెలుగులాంటి లిపులను కూడా సరిగ్గా గుర్తించే పద్ధతికి మార్చి, మొత్తం ఇండెక్స్‌ను మళ్లీ కట్టించాలట. కోహా సెట్టింగుల్లో ఐసీయూ కోసం ఒకటుంది, అది ఆన్ చేయడం ఒక్కటే చాలదు, సర్వర్‌లోని ఫైళ్లు కూడా మార్చాలి. ఇదీ కంప్యూటర్ సారే చేసిపెట్టారు. అయినా ఒక చిక్కు మిగిలింది. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెడతాయి, కొన్ని పెట్టవు, దాంతో ఒకేలా కనపడే రెండు మాటలు కంప్యూటర్‌కు వేరు వేరు. "గ్రంధాలయం" అని రాసే పిల్లలకు "గ్రంథాలయం" దొరకదు. నేను పిల్లలు తప్పుగా కొట్టే రూపాలను కూడా 246 అనే గడిలో మారుపేరుగా ఇస్తున్నాను. శాస్త్రం ఒప్పుకుంటుందో లేదో, పుస్తకం మాత్రం దొరుకుతోంది.

డ్యూయీ నంబర్ల, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకు ఇచ్చే నంబర్ల సంగతి కూడా ఇంతే. తెలుగు సాహిత్యం మొత్తం 894.827 కింద పడుతుంది. బడి లైబ్రరీలో సగం పుస్తకాల వీపు మీద అదే నంబరు ఉంటే దానివల్ల ఎవరికి ఉపయోగం? నంబరు రికార్డులో ఉంచి, పుస్తకం మీద రంగు టేపు వేశాను, కథలకు పసుపు, నాటకాలకు ఎరుపు, జీవిత చరిత్రలకు నీలం, అలా. కోహాలో కలెక్షన్ కోడ్ అని ఉంటుంది, రంగులను దానికి కలిపాను.

ఇష్యూ రూల్స్ రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మనల్ని వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. ఆరో తరగతి పిల్లలకు ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు? టీచర్లకు? ఆలస్యమైతే జరిమానా ఎంత? రిజిస్టర్ ఉన్నన్నాళ్లూ వీటికి ఎవరూ జవాబు ఇవ్వలేదు, ఎవరికి తోచినట్టు వాళ్లు నడిపారు. జరిమానా సున్నా పెట్టాను, ఎందుకంటే రోజుకు రూపాయి అంటే మా పిల్లల్లో కొందరు పుస్తకం తెచ్చివ్వరు సరికదా లైబ్రరీ ఛాయలకే రారు. టీచర్లకు నెల గడువు పెట్టినప్పుడు మాత్రం గొడవైంది. "ఏం మేడమ్, మాక్కూడా గడువా?" అని ఒక సీనియర్ సార్ అడిగారు. ఆయన దగ్గర ఆరేళ్లుగా పద్నాలుగు పుస్తకాలున్నాయి. లిస్టు ప్రింటు తీసి మర్యాదగా చేతికిచ్చాను. వారంలో పన్నెండు వచ్చాయి.

ఇక రిపోర్టులు. కోహాలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. వీటికి ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలో ప్రశ్న రాయాలి, నాకు రాదు, కానీ కోహా వికీలో లైబ్రేరియన్లు రాసిపెట్టినవి బోలెడున్నాయి, తెచ్చి అతికించి పేర్లు మార్చుకుంటే చాలు. ప్రతి ఐటెమ్‌కూ అది ఎన్నిసార్లు బయటికెళ్లిందో లెక్క ఉంటుంది. రెండో ఏడాది చివర, ఒక్కసారి కూడా ఎవరూ తీసుకోని పుస్తకాల జాబితా తీశాను. సగానికి పైగా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో మూడోది "ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు" అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. మర్నాడు ఆ కాగితాలు పట్టుకుని ఒక్కో బీరువా దగ్గర నిలబడి చూశాను. కొన్ని పై అరలో ఉన్నాయి, ఆరు, ఏడు తరగతుల పిల్లలకు అందవు. కొన్ని "విలువైనవి" అని తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్నాయి. మిగతావి ఎప్పటివో పోటీ పరీక్షల గైడ్లు, సిలబస్ మారిపోయి ఎన్నేళ్లయిందో. మొదటివాటిని కిందికి దించాను. రెండోదాని తాళం తీశాను, దీనికి హెడ్‌మాస్టర్ గారిని ఒప్పించడానికి ఒక టర్మ్ పట్టింది, పోతే నా జీతంలోంచి కట్టుకుంటానని కూడా అన్నాను. మూడోవాటిని రైట్ ఆఫ్ చేయించడానికి, అంటే లెక్కల్లోంచి తీసేయించడానికి, కమిటీ, సంతకాలు, తనిఖీ అన్నీ కలిపి ఎనిమిది నెలలు. ఇప్పుడు ఆ అద్దాల బీరువాలోని బొమ్మల విజ్ఞాన సర్వస్వం అట్టలు ఊడిపోయి మూడుసార్లు బైండింగుకు వెళ్లింది. అది చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

ఇదే లెక్కల వల్ల ఒక తప్పూ జరిగింది, అది కూడా చెప్పాలి. ఎక్కువ పుస్తకాలు తీసుకున్నవారికి బహుమతి అన్నాం. పిల్లలు పొద్దున తీసుకుని మధ్యాహ్నం తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఒక్క టర్మ్‌తో ఆపేశాం. ఇంకోసారి, తొమ్మిదో తరగతి అమ్మాయి ఎదిగే వయసు ఆరోగ్యం గురించిన పుస్తకం తీసుకుంది. నా టేబుల్ దగ్గరికొచ్చిన ఒక టీచర్ స్క్రీన్ మీద ఆ పేరు చూసి క్లాసులో పిల్లలందరి ముందూ అనేశారు. ఆ అమ్మాయి రెండు నెలలు లైబ్రరీ గుమ్మం తొక్కలేదు. ఎవరు ఏం చదివారన్నది వాళ్ల సొంత విషయమని మన చదువులో ఒక పేజీ ఉంటుంది, నేను దాన్ని అప్పటిదాకా పట్టించుకోలేదు. కోహాలో పుస్తకం తిరిగొచ్చాక చరిత్రను పేరు లేకుండా మార్చే ఏర్పాటు ఉంది. లెక్క మిగులుతుంది, మనిషి పేరు పోతుంది. ఆ వారమే అది పెట్టాను, మానిటర్‌ను కూడా నా వైపే కనపడేలా తిప్పాను. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఇది మాత్రం మొదటి రోజే చేయండి.

బ్యాకప్ గురించి రెండు మాటలు. కోహా తనంతట తానే రోజూ బ్యాకప్ తీస్తుంది, కానీ అదే కంప్యూటర్‌లో పెడుతుంది, మామూలుగా రెండు రోజులవే ఉంచుతుంది. రెండో ఏడాది మే నెలలో కరెంటు హెచ్చుతగ్గులకు హార్డ్ డిస్క్ పోయింది, దాంతో పాటే బ్యాకప్పూ పోయింది. పెన్‌డ్రైవ్‌లోకి చివరిసారి కాపీ చేసింది మూడు వారాల ముందు. ఆ మూడు వారాల పని మళ్లీ చేశాను. ఇప్పుడు యూపీఎస్ ఉంది, ప్రతి శనివారం రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకటి బడిలో, ఒకటి ఇంట్లో. కొత్త వెర్షన్లు మే, నవంబరు నెలల్లో వస్తాయి, బడి నడుస్తుండగా ఎప్పుడూ మార్చను, ఎండాకాలం సెలవుల్లోనే. బార్‌కోడ్ లేబుళ్ల మీద మామూలు టేపు వేస్తే మా ఎండలకు ఒక్క వేసవిలో పచ్చబడి లేచిపోతుంది, కొంచెం ఖర్చైనా మందంది కొనండి.

ఐదారు వందల పుస్తకాలే ఉండి, కంప్యూటర్ తెలిసినవాళ్లు బడిలో ఎవరూ లేకపోతే కోహా జోలికి పోవద్దు. మంచి నోటు పుస్తకం, రంగు టేపులు చాలు, మిగిలిన సమయం పిల్లలకు కథ చదివి వినిపించండి. రెండు మూడు వేలు దాటితే, సాయం చేసే మనిషి ఒక్కరున్నా, మొదలుపెట్టండి. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది.

మాకు ఇంకా మిగిలింది ఉర్దూ బీరువా. మా బడిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది, పుస్తకాలేమో నూట నలభై దాకా ఉన్నాయి, నాకు ఆ లిపి రాదు. ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి పేర్లు కొడుతున్నారు, వాళ్లలో ఒకడి అమ్మమ్మ ఫోన్‌లో సరిచూస్తుంది. ఉర్దూ సాహిత్యపు డ్యూయీ నంబరు 891.439 కింద నిన్నటికి అరవై రెండు ఎక్కాయి.