వారాల పేర్ల అట్టలు: మూడు స్టార్లే ఎందుకిచ్చానంటే

బల్లమీద నిలబెట్టుకునే క్యాలెండర్ ఇది. తారీఖులుండవు. రోజుకో అట్ట చొప్పున ఏడు. ముందువైపు ఆ రోజు పేరు రకరకాల భాషల్లో, వెనకవైపు ఆ పేర్ల పుట్టుక. నెలరోజులుగా పొద్దున లేవగానే అట్ట తిప్పడం నా పనైపోయింది.

బాగా కుదిరింది గురువారం అట్ట. మన బృహస్పతి గ్రహమే రోమన్లకు జూపిటర్, ఫ్రెంచివాళ్ల జూదీలో ఉన్నది ఆయనే. జర్మానిక్ జాతులు ఆ స్థానంలో తమ ఉరుముల దేవుణ్ణి కూర్చోబెట్టుకున్నాయి. అలా ఇంగ్లీషులో థర్స్‌డే, జర్మన్‌లో డొన్నర్‌స్టాగ్ వచ్చాయి. డొన్నర్ అంటే ఉరుమే. జపాన్‌లో మాత్రం అది కొయ్య రోజు, ఎందుకంటే గురుగ్రహాన్ని వాళ్లు కొయ్య నక్షత్రమంటారు.

స్వాహిలీ వరస చూసి నవ్వాపుకోలేకపోయాను. శనివారం నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ వచ్చి బుధవారాన్ని జుమాటానో అంటారు, అంటే ఐదోది. మర్నాడు అల్హమిసి. అది అరబ్బీ నుంచి తెచ్చుకున్న మాట, దానర్థమూ ఐదే! అరబ్బీ లెక్క ఆదివారంతో మొదలవుతుంది మరి.

ఇక నా గొడవ. జర్మన్ మిట్‌వోఖ్ కూడా బుధగ్రహం పేరేనని బుధవారం అట్ట వెనక అచ్చేశారు. కాదు, దానర్థం వారం నడుమ అని. కింది వరసలోనే రష్యన్ స్రెదాకి ‘నడిమిది’ అని సరిగ్గా వేసి, ఇక్కడ బోల్తాపడ్డారు. ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి, ఇలాంటివి నాకు కంట్లో నలుసు. కంపెనీకి రాస్తే ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని ఒక్క ముక్కొచ్చింది.

అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు? ఏ అట్టమీదా లేదు. అసలు కిటుకు అక్కడే ఉంది కదా! నెమ్మదిగా కదిలేదాన్నుంచి మొదలెడితే పాతవాళ్ల వరస శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. గంటకొకరు అధిపతి, అదే హోర. మొదటి గంట ఎవరిదైతే ఆ రోజుకు వాళ్ల పేరే. 24ని 7తో భాగిస్తే 3 మిగులుతుంది. అందుకని మర్నాటి మొదటి గంట మూడు మెట్లు అవతలివాడిది. శని నుంచి మూడు దాటితే రవి, అక్కణ్ణుంచి చంద్రుడు, తర్వాత కుజుడు. మా మనవరాలికి వేళ్లమీద ఇంతవరకు చూపించాను. శుక్రవారం దాకా మిగతాది తనే చెప్పేసింది.

అట్ట మందం బాగుంది, అచ్చు స్పష్టంగా ఉంది. స్టాండే లొడలొడ. బుధవారం అట్టమీద తప్పున్నచోట ఇప్పుడో చీటీ అంటించి ఉంది. దానిమీద ‘వారం నడుమ’ అన్న వంకరటింకర రాత మనవరాలిది.