పదమూడొందల డ్రిల్లా, ఏడువేల హ్యామరా: ఇంటి పనికి ఏది మేలు?

మల్కాజ్‌గిరిలో మా ఫ్లాటు కట్టి ఇరవై ఏళ్లు దాటింది. పోయినేడాది రంగులు, వంటింట్లో అరలు, కర్టెన్ రాడ్లు, బాత్రూమ్ టైల్స్ అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకున్నాం. నాలుగు చిల్లులు పెట్టడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ‘సాయంత్రం వస్తా సార్’ అంటాడు, ఏ రోజు సాయంత్రమో చెప్పడు. విసిగిపోయి రాణిగంజ్ వెళ్లి పదమూడొందలు పెట్టి ఇంపాక్ట్ డ్రిల్ కొనేశాను. కంపెనీ పేరు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. దాని పక్కనే ఉన్న బాష్ డ్రిల్ రెండువేల ఎనిమిదొందలు చెప్పారు. “ఇంటికి ఇది చాలు సార్, అది మేస్త్రీలకి” అన్నాడు కొట్టతను. అందులో సగమే నిజమని వారం తిరక్కుండా తెలిసింది.

నిజమైన సగం ముందు చెప్తాను. మా ఇంట్లో మొత్తం నలభై చిల్లులు పడ్డాయి. ఇటుక గోడలో 8 ఎంఎం చిల్లుకి అర నిమిషం వేసుకోండి. మూడు వారాల పనిలో ఆ మోటారు నిజంగా తిరిగింది ఇరవై నిమిషాలు! పనివాళ్ల మెషిన్ ఒక్క పూటలోనే అంతకంటే ఎక్కువ తిరుగుతుంది. పేరున్న మెషిన్‌కి మనం ఎక్కువగా పెట్టే డబ్బు చాలావరకు ఆ రోజంతా తిరిగే పని కోసమే. మంచి రాగి వైండింగ్, గట్టి బేరింగులు, దుమ్ము చొరబడని స్విచ్, పోతే దొరికే స్పేర్లు. ఏడాదికి ఇరవై నిమిషాలు తిప్పేవాడికి వీటితో పెద్దగా పని లేదు. రెండు చిల్లులకోసారి కాసేపు ఆపి చల్లారనిస్తే చవక మోటారు కూడా ఏళ్ల తరబడి ఉంటుంది. ఆపకుండా నొక్కితేనే కాలిన వాసన వస్తుంది. ఒకసారి ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే తీగచుట్ట, కాలాక రీవైండింగ్‌కి ఇచ్చే డబ్బు మెషిన్ ధరలో సగం, ఇంక దాన్ని అటకెక్కించడమే.

ఇక కర్టెన్ రాడ్ల సంగతి. హాల్లో గోడ గడియారం, అద్దం, అర బ్రాకెట్లు అన్నీ హాయిగా బిగించేశాను. కిటికీ పైన బ్రాకెట్‌కి చిల్లు పెట్టబోతే అంగుళం ప్లాస్టర్ వెన్నలా దిగింది. ఆ తర్వాత డ్రిల్ అరుస్తోంది తప్ప బిట్టు కదలదు. నిచ్చెన మీద నిలబడి ఒళ్లంతా మోపి నొక్కాను. ఐదు నిమిషాలకి బిట్టు బయటికి తీసి చూస్తే కొస నీలంగా కమిలిపోయి, కార్బైడ్ ముక్క ఊడిపోయి ఉంది. కింద రంగులు వేస్తున్న పెద్దాయన తలెత్తి చూసి, “అది ఇటుక కాదు బాబూ, లింటల్. దానికి హ్యామర్ కావాల” అన్నాడు.

ఇరవై ఏళ్ల అనుభవం ఒక్క ముక్కలో చెప్పాడాయన. కిటికీ పైన ఉండేది కాంక్రీటు లింటల్, కర్టెన్ రాడ్ సరిగ్గా అక్కడే రావాలి. ఇంపాక్ట్ డ్రిల్ లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి కటకటలాడుతూ తిరుగుతాయి, అదే దాని ‘దెబ్బ’. మనం ఎంత నొక్కితే అంత. ఆ పెద్దాయన చెప్పిన హ్యామర్ అంటే రోటరీ హ్యామర్. అందులో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో బిట్టు వెనక సుత్తిలా కొడుతుంది. మన బలంతో పని లేదు, పట్టుకుని నిలబడితే చాలు. డబ్బా మీద అంకెలు చూసి మోసపోయేది ఇక్కడే. ఇంపాక్ట్ డ్రిల్ మీద నిమిషానికి నలభై వేలకు పైగా దెబ్బలని రాసుంటుంది, హ్యామర్ మీద నాలుగైదు వేలే. కానీ మొదటిది గోకుడు, రెండోది గుద్దుడు.

కాబట్టి అసలు పోటీ చవక డ్రిల్‌కీ ఖరీదు డ్రిల్‌కీ మధ్య కాదు. ఆ లింటల్ ముందు బాష్ ఇంపాక్ట్ డ్రిల్ అయినా ఇంచుమించు ఇలాగే తిప్పలు పడేది. నేను రెండోసారి వెళ్లినప్పుడు పేరు లేని రోటరీ హ్యామర్ మూడువేలకి ఉంది. అంటే ఇంచుమించు ఒకే డబ్బుకి రెండు దారులు: పేరున్న ఇంపాక్ట్ డ్రిల్, లేదా పేరు లేని హ్యామర్. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి నా ఓటు కళ్లు మూసుకుని హ్యామర్‌కే. ఈమధ్య హైదరాబాద్‌లో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి, కడుతున్న టవర్లలో గోడలన్నీ కాంక్రీటే, అక్కడైతే ఇంపాక్ట్ డ్రిల్ కొనడమే దండగ. ఊళ్లో ఇటుక గోడల డాబా అయితే పదమూడొందలది చాలు.

చవక హ్యామర్‌లో ఒక్క భయం ఉంది. బిట్టు కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీకి తగిలి బిగుసుకుంటే మెషిన్‌లో క్లచ్ జారి, మోటారు తిరుగుడు బిట్టుకి అందకుండా చేయాలి. అది జారకపోతే మెషిన్‌తో పాటు మన మణికట్టూ తిరుగుతుంది. పక్క హ్యాండిల్ బిగించకుండా, ఒంటి చేత్తో, నిచ్చెన మీద అస్సలు వాడొద్దు. పేరున్న ఏడువేల హ్యామర్‌లో నాకు విలువైనదిగా కనిపించింది ఆ క్లచ్చే.

మెషిన్ ఏదైనా బిట్లు మాత్రం మంచివి కొనండి. డబ్బాతో పాటు ఉచితంగా వచ్చిన ఐదు బిట్లు మూడు గోడలకే మొండివయ్యాయి. అదే పదమూడొందల డ్రిల్‌కి మంచి కంపెనీ బిట్టు పెడితే ఇటుకలో మెషిన్ మారిందా అన్నంత తేడా.

బ్యాటరీ స్క్రూడ్రైవర్ల దగ్గర ఇంకో గారడీ ఉంది. ఒక దాని మీద 18 వోల్టులు, పక్కన చవకదాని మీద 21 వోల్టులు. చవకది ఇంకా బలమైనదేమో అనిపిస్తుంది. రెండింట్లోనూ వరసగా ఉండేది ఐదు సెల్సే. సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 చొప్పున లెక్కేస్తే 21, మామూలు 3.6 చొప్పున లెక్కేస్తే 18. ఇక స్టిక్కర్ మీద 48, 88 అని కనబడితే అది వోల్టేజ్ కాదు, అమ్మకం ఎత్తు. చూడాల్సింది బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే ఆంపియర్ అవర్లు. మంచం, కప్‌బోర్డు బిగించుకోవడానికి చవకదైనా పనికొస్తుంది. బాధ ఏమిటంటే రెండేళ్లకి బ్యాటరీ పడుకుంటుంది, ఆ ఆకారంలో ఇంకో బ్యాటరీ మళ్లీ దొరకడం కష్టం. అందుకే ఏడాదిలో పదిసార్లు వాడేవాళ్లకి మాత్రం బాష్, మకీటా, డీవాల్ట్ లాంటివాటిలో ఏదో ఒకటి పట్టుకుని, అదే బ్యాటరీ మీద మిగతావి కొనుక్కోవడం మేలు.

జిగ్ సా చవకది కొంటే ప్లైవుడ్ కోత ఏటవాలుగా పోతుంది. చెక్క నునుపు చేసే సాండర్ చవకదైనా పర్వాలేదు.

టైల్స్, ఇనుము కోసే గ్రైండర్ దగ్గర మాత్రం నేను కఠినం. నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతుంది. డ్రిల్ మొరాయిస్తే పని ఆగుతుంది, గ్రైండర్ మొరాయిస్తే ఆసుపత్రే. మా బంధువుల ఇంట్లో పన్నెండొందల గ్రైండర్ ఒకటి చూశాను. స్విచ్ వెనక్కి లాగినా ఆగలేదు, ప్లగ్ పీకాల్సి వచ్చింది. చేతిలో తిరుగుతున్న డిస్కు పట్టుకుని, రెండో చేత్తో ప్లగ్ కోసం తడుముకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. డిస్కుని కప్పే గార్డు రేకు చేత్తో నొక్కితే ఒంగుతోంది. దీన్ని మాత్రం పేరున్నదే కొనాలి, లేదా అసలు కొనకూడదు. డిస్కులు కూడా అంతే. కొన్నిటి మధ్య ఇనుప రింగు మీద గడువు సంవత్సరం వేసుంటుంది, చూసి తీసుకోండి. గార్డు తీసేసి చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బాత్రూమ్ పాత టైల్స్ పగలగొట్టడానికి బ్రేకర్ కూడా కొందామా అని ఒక పూట ఆలోచించాను. పద్నాలుగు, పదిహేను వందల వాట్ల మెషిన్ అది, మామూలు 6 ఆంప్స్ ప్లగ్గుకి మించిన భారం. గీజర్ కోసం పెట్టిన పవర్ ప్లగ్గే దానికి గతి. పైగా ఒక్క రోజు పని. అద్దెకి తెచ్చుకుని నేనే కొట్టొచ్చు, కానీ టైల్ వెనక పైపు ఎక్కడుందో మెషిన్ చెప్పదు కదా. చివరికి మెషిన్‌తో సహా మనిషినే మాట్లాడుకున్నాం. అతను కొట్టే ముందు కుళాయి నుంచి నేల దాకా గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశాడు. సాయంత్రానికి టైల్స్ అన్నీ రాలిపోయాయి, గీతకి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు ఉలి, సుత్తితో తీశాడు. పైపుకి గీర కూడా పడలేదు.