ఫార్గోలో పిల్లలున్న తిరుపతివాళ్లకు: అమెరికా వాతావరణ శాఖ నదుల పేజీ ఎలా ఉంది?

మా పాప, అల్లుడు ఫార్గోలో ఉంటారు. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం, బాగా ఉత్తరాన. చలికాలమంతా మంచు ఫొటోలు పంపుతారు, చూసి సంతోషిస్తాం. మార్చిలో మంచు కరగడం మొదలయ్యాకే టెన్షన్. ఇక్కడ బైరాగిపట్టెడలో కూర్చుని నేను నమ్ముకున్నది అమెరికా నేషనల్ వెదర్ సర్వీస్ వారి నదుల పేజీ, వాటర్ డాట్ నోవా డాట్ గవ్ (water.noaa.gov). ఉచితం, లాగిన్ అక్కర్లేదు. నీటిపారుదల శాఖలో గేజి (నీటి మట్టం కొలిచే సాధనం) రీడింగులు తీసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇలాంటివి పట్టి పట్టి చూస్తాను.

మ్యాపులో ఫార్గో గేజి మీద నొక్కితే గ్రాఫ్ వస్తుంది. ఊళ్లో పారే రెడ్ రివర్ నది ఇప్పుడు ఎంత మట్టంలో ఉంది, రాబోయే రోజుల్లో ఎంతకు చేరొచ్చు, రెండూ అందులోనే. ఫార్గోలో 18 అడుగులకు వరద మొదలైనట్టు, 30 అడుగులకు పెద్ద వరద. 2009 మార్చిలో వచ్చిన 40.84 అడుగులే రికార్డు. నాకు అన్నిటికన్నా నచ్చింది, ఎన్ని అడుగులకు ఏ రోడ్డు, ఏ పార్కు మునుగుతుందో వరుసగా రాసి ఉండటం. ఈ అడుగులు గేజి సున్నా నుంచి లెక్క. 30 అంటే ఊళ్లో 30 అడుగుల నీళ్లని కాదు. ఇది చెప్పాకే మా ఆవిడకు నిద్రపట్టింది.

ఆ నది ఉత్తరానికి, కెనడా వైపు పారుతుంది. దక్షిణాన మంచు ముందే కరుగుతుంది. ఆ నీళ్లు వచ్చేసరికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉండొచ్చు. విరిగిన మంచు పలకలు మలుపుల్లో, వంతెనల దగ్గర అడ్డంపడితే నీళ్లు వెనక్కి తంతాయి. పైగా ఆ నేల ఒకప్పటి పెద్ద సరస్సు అడుగు, బల్లపరుపుగా ఉంటుంది. గట్టు దాటిన నీళ్లు మైళ్లకొద్దీ పరుచుకుంటాయి.

మన స్వర్ణముఖి సంగతి వేరు. 2021 నవంబరులో కుండపోత వానతోపాటే వరద వచ్చిపడింది, రాయలచెరువు కట్ట భయంతో ఊళ్లు ఖాళీ చేయించారు. అక్కడ మాత్రం రాబోయే వరద నెలల ముందే మంచు రూపంలో కళ్లెదుట ఉంటుంది, చెరువులో నీళ్లలా కొలవొచ్చు. మంచులో నీరెంత, కింద నేల ఎంత లోతు గడ్డకట్టింది, మంచు పడకముందు ఎంత తడిసింది అన్నవి చూసి, ఏ మట్టం దాటడానికి ఎంత శాతం అవకాశమో చలికాలం చివర్లోనే చెబుతారు. ఆ శాతాల పట్టిక తప్పక చూడండి. 1997లో అదే నది మీద దిగువనున్న గ్రాండ్ ఫోర్క్స్ ఊరికి 49 అడుగులని అంచనా ఇస్తే నది 54.35 అడుగులకు లేచింది, దాదాపు ఊరంతా ఖాళీ అయింది. ఒక్క అంకెను పట్టుకుని ధైర్యంగా ఉండటం నాకు అందుకే ఇష్టం లేదు.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, గేజి నది మట్టమే చెబుతుంది. పొలాల్లో కరిగిన నీళ్లు నది చేరకముందే, మంచుతో పూడిపోయిన కల్వర్టుల దగ్గర నిలిచి రోడ్డెక్కుతాయి. గ్రాఫులో ఏమీ కనబడకుండానే పల్లె రోడ్డు మునగొచ్చు. దానికి తోడు పొగమంచు. తేమ నిండిన వెచ్చటి గాలి మంచు మీదికి రాగానే చల్లబడి దట్టంగా కమ్ముకుంటుంది. ఆ ఆవిరి మంచు మీద నీరయ్యేటప్పుడు వేడి వదులుతుంది, దాంతో కరగడం ఇంకా జోరందుకుంటుంది. ఘాట్ రోడ్డులో మనం చూసే పొగమంచు కింద నీళ్లు కూడా పారుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చేస్తుంది. అందుకని వెదర్ డాట్ గవ్‌లో మీ పిల్లల ఊరి పేరు కొట్టి పొగమంచు హెచ్చరిక కూడా చూడండి. పావు మైలు, అంటే దాదాపు 400 మీటర్లకు మించి కనబడదనుకుంటే అది ఇస్తారు. అది ఉన్న రాత్రి ఊరి బయటికి కారు తీయొద్దని మా అల్లుడికి గట్టిగానే చెప్పాను.

అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరిపే వేసవి టైము మొదలయ్యాక మన సాయంత్రం ఆరున్నరకు అక్కడ ఉదయం ఎనిమిది. వాళ్లు ఆఫీసుకు బయల్దేరేలోపు ఫోన్ చేసి చెప్పొచ్చు. గ్రాండ్ ఫోర్క్స్‌లో చదివే పిల్లలైతే అక్కడి గేజి వేరే, వరద మట్టం 28 అడుగులు, పెద్ద వరద 46. ఫార్గో అంకెలతో పోల్చి కంగారుపడొద్దు.