కొయోటీలను పట్టాలా, ఆడ జింకలను వదలాలా: ఏది మేలు?

అమెరికాలో జార్జియా, కరోలినాల్లో రెండు మూడు వందల ఎకరాలు కొనుక్కునో లీజుకు తీసుకునో వేటాడుతున్న మనవాళ్ళు జనవరి రాగానే ఒకటే అడుగుతున్నారు: "కెమెరాల్లో కొయోటీలే (నక్కను పోలిన అడవి జంతువులు) తిరుగుతున్నాయి, జింక పిల్లలు లేవు, టర్కీల అరుపు తగ్గింది. బోనులు, ట్రాప్‌లు వేసి పట్టే ట్రాపర్‌ని పెట్టించమంటారా, మేమే కూర్చుని కాల్చమంటారా?" దీనికి జింక విషయంలో ఒక జవాబు, టర్కీ విషయంలో వేరే జవాబు చెప్పాలి. రెంటినీ కలిపి ఆలోచించడం వల్లే డబ్బు తప్పు చోట పడుతోంది.

ముందు జింక సంగతి. కొయోటీ వల్ల అసలు దెబ్బ పిల్లలకే. పుట్టిన మొదటి వారాల్లో పిల్ల గడ్డిలో కదలకుండా పడుకుంటుంది, తల్లి పాలివ్వడానికి మాత్రమే వచ్చిపోతుంది. కొయోటీలు ఎక్కువగా తినేది ఆ రోజుల్లోనే. దక్షిణ కరోలినాలోని సవానా రివర్ సైట్‌లో పరిశోధకులు పిల్లలకు రేడియో కాలర్లు కట్టి చూస్తే, నాలుగు నెలలు నిండేదాకా బతికినవి దాదాపు 23 శాతమే. చచ్చినవాటిలో ఎక్కువ భాగం కొయోటీల పాలే. కాబట్టి వాటి మీద పడ్డ నింద ఉత్తది కాదు. అయితే నవంబర్‌లో కొయోటీ పెంటలో జింక వెంట్రుకలు కనబడితే మాత్రం కంగారు పడకండి. అప్పుడు అది తినేది మనం కోసి పారేసిన పేగులు, గాయంతో తప్పించుకుని పోయి చచ్చిన జింకలు. మే నుంచి జులై దాకా ఏం తింటోందన్నదే లెక్కలోకి తీసుకోవాలి.

ట్రాపింగ్ ఎంత పనిచేస్తుందో కూడా అక్కడే చూశారు. ఒక్కోటి సుమారు 8,000 ఎకరాలుండే మూడు చోట్ల, 2010 నుంచి 2012 వరకు, ఈ పనిలో ఆరితేరిన ట్రాపర్లతో 474 కొయోటీలను తీసేశారు. మొదటి ఏడాది జింక పిల్లల్లో సగం బతికాయి. రెండో ఏడాది అంతే కష్టపడి పట్టినా బతికినవి 20 శాతం దగ్గరికి జారిపోయాయి. మూడో ఏడాది మళ్ళీ 43 శాతం. అంత మనిషిబలం పెట్టినా ఫలితం ఏ ఏడు ఎలా ఉంటుందో చెప్పలేని పరిస్థితి.

నా దృష్టిలో తేల్చే విషయం ఇదే: ఖాళీ చేసిన చోటు ఎంత త్వరగా మళ్ళీ నిండుతుంది? ఒక జంట కొయోటీలు తిరిగే మేర వేల ఎకరాలు ఉంటుంది. మీ 200 ఎకరాలు దానిలో ఒక మూల మాత్రమే. సొంత చోటు లేని కుర్ర కొయోటీలు ఎప్పుడూ జంటల సరిహద్దుల వెంట తిరుగుతూనే ఉంటాయి. ఉన్న జంట పోయిందంటే వారాల్లోనే వేరేవి దిగుతాయి. పైగా ఈతకు సగటున ఆరు పిల్లలు. ఏటా నాలుగింట మూడు వంతుల దాకా చంపితే తప్ప మొత్తం సంఖ్య కిందికి దిగదని లెక్కలు చెబుతున్నాయి. రెండు వందల ఎకరాల లీజులో అది కుదిరే పని కాదు. అక్టోబర్‌లో పట్టిన పది కొయోటీలు మే నెలలో పుట్టే పిల్లకు చేసే మేలు దాదాపు సున్నా.

అయినా ట్రాప్ వేస్తానంటే, మీ రాష్ట్రంలో అనుమతి ఉన్నంతవరకు పిల్లలు పుట్టే ముందు రెండు నెలల్లోనే వేయండి, ఇరుగుపొరుగు భూములవాళ్ళను కలుపుకోండి. కాలు పట్టే రెండో నంబర్ కాయిల్‌స్ప్రింగ్ ట్రాప్ సరిపోతుంది. మట్టి దారులు కలిసే చోట, గాలి వచ్చే వైపు, ఏటవాలుగా ఎనిమిది పది అంగుళాల లోతు రంధ్రం తవ్వి, దాని ముందు సుమారు తొమ్మిది అంగుళాల దూరంలో, మధ్య గీతకు ఒకటి రెండు అంగుళాలు పక్కగా ట్రాప్ పెట్టాలి. అందరూ తప్పేది ఇక్కడే. కింద మట్టి గట్టిగా దిమ్మిస కొట్టకపోతే ట్రాప్ ఊగుతుంది. పాదం కింద ఊగిందంటే కొయోటీ అడుగు వెనక్కి తీసుకుని, పక్కనుంచి తవ్వి, ట్రాప్‌ని బయటికి లాగేసి పోతుంది. ఒకసారి అలా జరిగితే అది మళ్ళీ ఆ చాయలకు రాదు. పైన జల్లెడ పట్టిన పొడి మట్టి పావు అంగుళం చాలు. తడి మట్టి వేస్తే రాత్రి మంచుకు గడ్డకట్టి ట్రాప్ పడదు. పాన్ (కాలు మోపే పలక) రెండు మూడు పౌండ్ల బరువుకు పడేలా సర్దుకుంటే ఒపోసమ్ లాంటి చిన్న జంతువుల బెడద తగ్గుతుంది. పక్కింటి కుక్కను మాత్రం అది ఆపదు కాబట్టి ఇళ్ళ దగ్గర వేయొద్దు. రోజూ పొద్దున్నే వెళ్ళి చూడలేనివాళ్ళు అసలు వేయొద్దు.

కాలర్ (కూతలు వినిపించి కొయోటీని రప్పించే పరికరం) పెట్టి కాల్చడం చలికాలంలో మంచి వేటే. జింకల లెక్క మార్చే పని మాత్రం కాదు. వచ్చే కొయోటీ గాలి కిందివైపుకు చుట్టి వస్తుంది కాబట్టి, కాలర్‌ని మీకు గాలి ఎగువన నలభై గజాల దూరంలో పెట్టి, కిందివైపు నేల కనబడేలా కూర్చోండి. గురి తప్పితే ఆ కొయోటీ ఆ కూతను గుర్తుపెట్టుకుంటుంది. బహుమతుల సంగతి ఒక్క ముక్కలో: యూటాలో కొయోటీకి 50 డాలర్లు ఇస్తారు, దక్షిణ కరోలినాలో ప్రభుత్వం ట్యాగ్ వేసి వదిలిన కొయోటీకి జీవితకాలపు వేట లైసెన్స్ ఇస్తారు. మీ పొలంలో పిల్లలు బతకడానికి వీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

నేను మొగ్గేది ఆడ జింకలను కాల్చకుండా వదిలేయడం వైపు. దీనికి ఖర్చు లేదు, అనుమతులు అక్కర్లేదు, మీ 200 ఎకరాల్లో నూటికి నూరు పాళ్ళు మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే. 30 ఆడ జింకలు తిరిగే చోట శరదృతువుకు జింకకు 0.4 చొప్పున పిల్లలు మిగిలాయనుకుందాం. అంటే 12 పిల్లలు, వాటిలో ఆడవి ఆరు. రోడ్డు మీద, రోగంతో పోయేవి పోగా, మీరు ఎనిమిది ఆడ జింకలను కాలిస్తే మంద ఏటా తగ్గడం ఖాయం. కొయోటీలు లేని రోజుల్లో ఆ ఎనిమిదీ మామూలు సంఖ్యే. ఇప్పుడు ఆ పాత లెక్కతోనే కాలుస్తూ, తగ్గినదంతా కొయోటీ ఖాతాలో రాస్తున్నారు. ఒకటి రెండేళ్ళు ఆపి చూడండి.

టర్కీకి వస్తే కొయోటీ రెండో ముద్దాయి. పెట్టల్ని, పిల్లల్ని అది పడుతుంది, నిజమే. గూళ్ళు పాడుచేసే వాటిలో మాత్రం రకూన్లు, ఒపోసమ్‌లు, స్కంకులు, పాముల వాటా పెద్దది. పెట్ట రోజుకొకటి చొప్పున పది పన్నెండు గుడ్లు పెట్టి, 28 రోజులు పొదిగి, పిల్లలు చెట్టెక్కేదాకా మరో రెండు వారాలు నేల మీదే పడుకుంటుంది. అంటే పొదగడం మొదలెట్టాక దాదాపు ఆరు వారాలు రాత్రుళ్ళు కూడా నేల మీదే. పగిలిన పెంకులు చూసి దొంగ ఎవరో తేల్చడం నమ్మదగ్గది కాదు, ఆ లెక్క మీద ట్రాపర్‌కి డబ్బు కట్టొద్దు.

ఇక్కడ డబ్బు పెట్టాల్సింది నేల మీద. పైన్ తోటను పలచన చేసి ఎండ కిందికి దిగనివ్వాలి. తర్వాత 30–50 ఎకరాల ముక్కలుగా, ఏటా మూడో వంతు చొప్పున, పర్మిట్ తీసుకుని, మంట దాటకుండా ఫైర్ లైన్ గీసి, నిప్పు పెట్టాలి. మొత్తం ఒకేసారి తగలబెడితే గూడు కట్టే గుబురే మిగలదు. రెండేళ్ళ పొదల్లో పెట్ట గూడు పెట్టుకుంటుంది. కొత్తగా కాలిన చోట మొలిచే మోకాలి ఎత్తు మొక్కల కింద నేల ఖాళీగా ఉంటుంది, పిల్లలు పరుగెత్తుతూ పురుగులు ఏరుకుంటాయి. దట్టమైన ఫెస్క్యూ గడ్డిలో అవి కదలలేవు. మే, జూన్‌లలో గడ్డి కోయించడం మానేయండి.

దానితోపాటు, మీ రాష్ట్రం తేదీలు ఒప్పుకుంటే, ఫిబ్రవరి, మార్చిలో రకూన్లకు డాగ్‌ప్రూఫ్ ట్రాప్‌లు (కుక్క కాలు పట్టని గొట్టం లాంటివి) వేయండి. వాగు గట్ల వెంట చెట్టుకు కట్టి, లోపల మార్ష్‌మాలోలు వేయాలి. మాంసం పెడితే పిల్లులు వస్తాయి. పట్టిన రకూన్‌ని ఒట్టి చేతులతో ముట్టొద్దు, ఆ ప్రాంతంలో వాటికి రేబిస్ ఉంటుంది. మొక్కజొన్న ఫీడర్లు మార్చి కల్లా ఆపేయండి. గూళ్ళు పెట్టే చోటికి రకూన్లను మనమే పిలిచినట్టవుతుంది.

ఏది పనిచేస్తోందో తెలుసుకోవాలంటే సెప్టెంబర్‌లో వంద ఎకరాలకు ఒక కెమెరా చొప్పున పది పధ్నాలుగు రోజులు పెట్టి, పిల్లల ఫొటోల సంఖ్యను ఆడ జింకల ఫొటోల సంఖ్యతో భాగించండి. ఒకే జింక పదిసార్లు పడినా పర్వాలేదు, తల్లీ పిల్లా ఇద్దరూ అలాగే పడతారు. అలబామాలో లాగా పిల్లలు ఆలస్యంగా పుట్టే చోట అక్టోబర్ దాకా ఆగండి, లేకపోతే పొదల్లో ఉన్న పిల్లలు లెక్కలోకి రావు. 0.5 కన్నా తక్కువ వస్తే ఆ సీజన్ ఆడ జింక మీద తూటా ఖర్చు చేయొద్దు. ఒకటి దగ్గర ఉంటే నిశ్చింతగా కాల్చుకోండి, కొయోటీల జోలికి వెళ్ళే పనే లేదు.