హీలియోస్ 44లో ఏది కొనాలి?

హీలియోస్ 44 అంటే పాత సోవియట్ కెమెరా లెన్స్. అందులో నా ఓటు 44-2కే, పాత లెన్సులు సేకరించేవాళ్ళు ఎంత వాదించినా సరే. యుద్ధానికి ముందు జర్మన్లు చేసిన బయోటార్ 58 ఎంఎం ఎఫ్/2 డిజైన్‌నే సోవియట్ వాళ్ళు తీసుకుని జెనిట్ కెమెరాలకు పెట్టి తెగ అమ్మారు, అందుకే ఇన్ని వెర్షన్లు.

మొదట్లో వచ్చిన వెండిరంగు 44కి ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) చుట్టూ 13 బ్లేడ్లు. రంధ్రాన్ని కాస్త మూసి ఎఫ్/4లో పెట్టినా వెనక లైట్లు గుండ్రంగానే వస్తాయి, చూడ్డానికి ముచ్చటేస్తుంది, కానీ కెమెరాకి బిగించే మౌంట్ పాతరకం ఎం39, పైగా ధర ఎక్కువ.

44-2లో బ్లేడ్లు 8. ముందువైపు రెండు రింగులుంటాయి, ఒకదానితో ఎపర్చర్ ఎక్కడ ఆగాలో పెట్టుకుంటే రెండోది క్లిక్కుల్లేకుండా మెత్తగా తిరుగుతుంది కాబట్టి వీడియో తీసేవాళ్ళకి పండగే. ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్/2లో మనిషిని దగ్గరగా నిలబెట్టి, కాస్త దూరంలో చెట్టు ఆకులుండేలా చూసి తీయండి: అంచుల్లో ఆకులన్నీ మొహం చుట్టూ సుడి తిరిగినట్టు వస్తాయి, మధ్యలో కళ్ళు మాత్రం షార్ప్. ఎండ ఎదురుగా పడితే ఫోటో తెల్లగా వెలిసిపోతుంది, అదే అందం అనేవాళ్ళకో దండం.

ఇలా వెలిసిపోవడం (ఫ్లేర్) వద్దనుకుంటే ఎంసి, అంటే అద్దాల మీద పలుపొరల కోటింగ్ ఉన్న 44ఎం-4 చూడండి. అయితే బ్లేడ్లు 6కి తగ్గాయి, ఎపర్చర్‌కి ఆటో-మాన్యువల్ స్విచ్ లేదు, అందుకే వేరే కెమెరాకి తగిలించేటప్పుడు లెన్స్ వెనక పిన్ నొక్కే అడాప్టర్ లేకపోతే లెన్స్ ఎఫ్/2లోనే ఉండిపోతుంది. 44ఎం-7 షార్ప్‌నెస్ బాగుంటుంది గానీ అడిగే రేటుకి నాకైతే ఆనదు.

ఏది కొన్నా బ్లేడ్ల మీద నూనె, లోపల ఫంగస్ చూసుకోండి. అమ్మేవాడు టార్చి వేసి ఫోటో తీసి పంపనంటే ఆ బేరం వదిలేయండి.