రెండు కార్లు, రెండు సబ్ వూఫర్లు, డిక్కీ నిండా సామాను

చాలా చిన్న కార్ల డిక్కీలో ఉండేది ఇంచుమించు 250 లీటర్ల చోటు. బేస్, అంటే బాగా కింది స్వరాలు, పలికే 12 అంగుళాల సబ్ వూఫర్ స్పీకర్‌ను పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న పెట్టెలో బిగిస్తే, చెక్క మందంతో కలిపి 60, 70 లీటర్లు దానికే పోతాయి. రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేటప్పుడు ఆ లోటు కనిపించదు. నలుగురూ తలా ఒక సంచితో బయలుదేరినప్పుడు తెలుస్తుంది, ఆ పెట్టె ఎంత చోటు మింగిందో.

ఈసారి కొండల యాత్రకు మేము, బావ వాళ్లు రెండు కార్లలో వెళ్లాం. రెండూ ఇంచుమించు ఒకే కొలతల చిన్న కార్లు. నా కారులో డిక్కీ ఎడమ మూల, చక్రం గూడు వెనక ఉండే గుంటలో 10 అంగుళాల సబ్ వూఫర్ ఉంది. పెట్టెకు పోర్టు లేదు, అన్ని వైపులా మూసి ఉంటుంది. దానికి శక్తినిచ్చే ఆంప్లిఫయర్‌ను వెనక సీటు వీపుకు ఒక పలక అడ్డం పెట్టి బిగించాం. బావ కారులో స్టెప్నీ చక్రం మధ్య గుంటలో ఇమిడిపోయే పలుచని సబ్ వూఫర్ ఉంది. ఆంప్లిఫయర్ కూడా ఆ పక్కనే, డిక్కీ నేల పలక కింద. దారిలో కార్లు మార్చుకుని నడిపాం కాబట్టి రెండింటి మంచిచెడ్డలు దగ్గరగా చూడగలిగాను.

సామాను విషయంలో బావ కారుదే పైచేయి. డిక్కీ తెరిస్తే లోపల సబ్ వూఫర్ ఉందన్న ఆనవాలే ఉండదు. పెద్ద సూట్‌కేసులు రెండు పక్కపక్కనే పడుకున్నాయి, వాటి మీద దుప్పట్ల మూట. నా డిక్కీలో ఎడమ మూల పోయింది కాబట్టి గట్టి సూట్‌కేసు ఒక్కటే అడ్డంగా పట్టింది, మిగతావన్నీ మెత్తని సంచులే తీసుకెళ్లాం. మెత్తని సంచులు మూలల్లోకి సర్దుకుంటాయి. ఇలాంటి కారులో దూరం వెళ్లేవాళ్లు సబ్ వూఫర్ కొనక ముందే సామాను డిక్కీలో పెట్టి, మిగిలిన ఖాళీ కొలుచుకోవాలని గట్టిగా చెబుతాను. పెట్టెను ఆ ఖాళీకి తగ్గట్టు చేయించుకోవచ్చు. సూట్‌కేసును కోసి చిన్నది చేయలేం కదా.

కొండ ఎక్కుతుండగా బావ కారుకు పంక్చర్ పడింది. స్టెప్నీ తీయాలంటే ముందు సూట్‌కేసులు, మూటలు అన్నీ రోడ్డు పక్కన దించాలి. తర్వాత నేల పలక ఎత్తి, సబ్ వూఫర్‌ను పట్టి ఉంచిన పొడవాటి బోల్టు విప్పాలి, వైరు కనెక్టరు లాగాలి, అప్పుడు గానీ చక్రం చేతికి రాదు. కనెక్టరు ఉంది కాబట్టి సరిపోయింది. కొందరు వైర్లను నేరుగా మెలేసి టేపు చుట్టేస్తారు. అలా ఉంటే చీకట్లో, సన్నటి వానలో ఆ పని చేయడం నరకమే. స్టెప్నీ గుంటలో సబ్ వూఫర్ పెట్టించుకునేవాళ్లు చేత్తో ఊడదీయగల కనెక్టరు తప్పకుండా అడగాలి. బోల్టుకు సరిపడే పానాను పనిముట్ల సంచిలోనే ఉంచుకోవాలి.

ఇక శబ్దం. అమెరికా స్పీకర్ల కంపెనీ కేఎల్‌హెచ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్ పేరు మీద స్పీకర్ల రంగంలో ఒక సూత్రం ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే పెద్ద శబ్దం, ఈ మూడింటిలో ఏవో రెండే దక్కుతాయి. చిన్న డిక్కీ ఉన్నవాళ్లు మొదటిదాన్ని వదులుకోలేరు కాబట్టి మూడోదాన్ని వదులుకుని వాట్లు పెంచుకోవాలి. అయితే కారు మనకు కొంత సాయం చేస్తుంది. 40 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 8.5 మీటర్లు, కారు లోపలి పొడవు అందులో సగం కూడా ఉండదు. అంత కింది స్వరాలు వచ్చినప్పుడు అద్దాలు మూసిన కారులో గాలి మొత్తం ఒక్కసారిగా ఒత్తుకుని సడలుతుంది, బేస్ దానంతటదే పెరుగుతుంది. మూసిన పెట్టెలో బేస్ ఆక్టేవుకు, అంటే హెర్ట్జ్ సగానికి పడిన ప్రతిసారీ, 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది, కారు ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. పోర్టు పెట్టెలో కింది స్వరాలు అంతకు రెట్టింపు వేగంతో పడిపోతాయి. అందుకే చిన్న కారులో మూసిన పెట్టెకే నా ఓటు. కొండ మీద చల్లగాలి కోసం అద్దాలు దించగానే రెండు కార్లలోనూ బేస్ పలచబడింది. నా కారులో మృదంగం ఎడమవైపు దెబ్బలోని గుమ్కి, ఆ లోతైన మోత, అప్పుడు కూడా నిలిచింది, బావ కారులో దరువు వినిపించింది గానీ దాని బరువు లేదు.

బస చేసిన చోట్లను కారులోని ఆంప్లిఫయర్ కోణంలో చూసేవాళ్లు తక్కువ. మొదటి బసలో గదులు చక్కగా ఉన్నాయి, మనుషులు మర్యాదస్తులు, పార్కింగ్ మాత్రం రోడ్డును ఆనుకుని పూర్తిగా ఎండలో ఉంది. వెనక అద్దంలోంచి నా ఆంప్లిఫయర్ దారిన పోయేవాళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రంతా దాని మీద నల్లగుడ్డ కప్పి ఉంచాను. రెండో బసలో గదులు ఇరుకు, వేడినీళ్లు ఆలస్యం. కానీ కార్లకు కప్పున్న షెడ్డు, కాపలా ఉన్నాయి. మళ్లీ వెళ్తే రెండోదానికే వెళ్తాను. ఎండలో నిలిపిన కారు డిక్కీ కాగిపోతుంది. ఆ వేడిలోనే పాటలు పెట్టి బయలుదేరితే ఆంప్లిఫయర్ మొదటి నిమిషం నుంచే కష్టపడుతుంది.

ఆ కష్టం నిజంగానే చూశాం. మధ్యాహ్నం బావ కారులో సబ్ వూఫర్ ఉన్నట్టుండి ఆగింది, కాసేపటికి మళ్లీ మోగింది, మళ్లీ ఆగింది. నేల పలక ఎత్తి ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెడితే అర సెకను కూడా ఉంచలేకపోయాను. వేడిని వదిలే దాని రెక్కలకూ పలకకూ మధ్య వేలు దూరే సందు లేదు, పైన దుప్పట్ల మూట. వేడి ఎక్కువై తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. ఆంప్లిఫయర్లలో ఏబీ క్లాస్, డి క్లాస్ అని రకాలున్నాయి. ఏబీ క్లాస్ ఆంప్లిఫయర్ తీసుకున్న కరెంటులో సగానికి దగ్గరగా వేడిగా మారుతుంది, డి క్లాస్‌లో అది అయిదో వంతు లోపే ఉంటుంది. ఇరుకు చోటుకు డి క్లాసే సరైనది, దానికి కూడా చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల గాలి కావాలి. నా దృష్టిలో సబ్ వూఫర్‌కు చోటు వెతకడం సులువు, ఆంప్లిఫయర్‌కు గాలి వెతకడమే అసలు పని.

మరుసటి ఉదయం బావ కారు స్టార్ట్ కాలేదు. బిగించిన దుకాణంవాళ్లు ఆంప్లిఫయర్‌ను లేపే సన్నని వైరును ఎప్పుడూ కరెంటు ఉండే తీగకు కలిపేశారు. తాళం తీసేసినా ఆంప్లిఫయర్ రాత్రంతా మేలుకునే ఉండి, అసలే పాతబడిన బ్యాటరీని పీల్చేసింది. నా కారు నుంచి కేబుళ్లు వేసి లేపాం.

కొండ దిగాక ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర ఆగాం. ఆయన ఏదీ విప్పకముందే మల్టీమీటరు తీసి, ఇంజిన్ నడుస్తుండగా పాట గట్టిగా పెట్టమన్నారు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, ఆంప్లిఫయర్ దగ్గర 12.4. ‘‘ఎర్త్ చూద్దాం బాబూ’’ అంటూ ఆంప్లిఫయర్‌ను కారు రేకుకు కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పి చూపించారు. దాని కింద పెయింటు చెక్కుచెదరకుండా ఉంది, కరెంటుకు అదే అడ్డు. ఉప్పుకాగితంతో మెరిసే రేకు తేలేదాకా గీకి మళ్లీ బిగించారు. బ్యాటరీకి అర మీటరులోపే ఉండాల్సిన ఫ్యూజు అసలు లేదని కూడా ఆయనే పట్టుకున్నారు. 300 వాట్ల డి క్లాస్ ఆంప్లిఫయర్ గట్టిగా మోగేటప్పుడు 27 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫ్యూజు లేని ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని కారు రేకును తాకితే నిప్పు అంటుకోవచ్చు. పిల్లలతో ప్రయాణిస్తున్న కారును అలా వదిలిన దుకాణం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఈయన కొత్త వైరు, ఫ్యూజు వేసి, లేపే వైరును తాళంతో పనిచేసే తీగకు మార్చి, వేసిన ప్రతి జాయింటునూ లాగి చూసి మరీ పంపించారు.

బావ ఇప్పుడు ఆంప్లిఫయర్‌ను ముందు సీటు కిందికి మార్చుకుంటున్నాడు. సీటును పూర్తిగా ముందుకూ వెనక్కూ జరిపి, బాగా కిందికి దించి ఎత్తు కొలవమన్నాను. అక్కడ వెనకవాళ్ల కాళ్లకు ఏసీ గాలి పంపే గొట్టం ఉంటే దానికి అడ్డం రాకూడదు. స్క్రూల కోసం రంధ్రం వేసే ముందు కారును పైకెత్తి కింద ఇంధనం, బ్రేకు గొట్టాలు ఎటు వెళ్తున్నాయో కూడా చూసుకోవాలి.