బేస్ లేని జంట: గిటార్ ఆ లోటు పూడ్చాలా, వదిలేయాలా?

శాక్సోఫోన్ వాయించే మిత్రుడితో కలిసి పాత జాజ్ స్టాండర్డ్స్ (జాజ్ వాయించేవాళ్లందరూ ఎత్తుకునే పాటలు) సాధన మొదలుపెట్టిన తొలి నెలల్లో నేను వాయించకుండా వదిలిన స్వరమంటూ లేదు. బొటనవేలితో బేస్ నడక, అంటే ఆధారమిచ్చే అడుగు స్వరాల వరుస, మిగతా వేళ్లతో కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుత్తులు, సందు దొరికితే పై తీగ మీద ఒక చిన్న పలుకు. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, పియానో లేదు కాబట్టి ఆ ముగ్గురి పనీ నా ఆరు తీగల మీదే పడిందని నమ్మాను. ఒకరోజు ఫోనులో రికార్డు చేసుకుని విన్నాం. తప్పులేమీ దొర్లలేదు. అయినా రెండో నిమిషానికే విసుగు పుట్టింది. మిత్రుడు ఒకటే మాట అన్నాడు: "నువ్వు ఎక్కడా ఆగడం లేదు. నాకు ఊపిరి తీసుకునే చోటు దొరకడం లేదు."

శాక్సోఫోన్ వాయించేవాడు ఊపిరి గురించి మాట్లాడితే అది అలంకారం కాదు.

అప్పటి నుంచి ఈ జంటకు ఉన్న దారులను పోల్చి చూస్తూనే ఉన్నాను. నేను చేసినట్టు గిటార్‌తో బ్యాండ్ మొత్తాన్నీ భర్తీ చేయడం ఒకటి. ఉన్న రెండు గొంతులతో సరిపెట్టుకుని ఖాళీని ఖాళీగా ఉంచడం ఇంకొకటి. పాట కట్టడాన్నే విప్పి ఇద్దరికి సరిపోయేలా మళ్లీ కట్టుకోవడం మూడోది. నా ఓటు రెండోదానికే. అలాగని మొదటిదాన్ని కొట్టిపారేయలేను, మూడోదాని మీద మోజూ ఇంకా తీరలేదు.

మొదటి దారిలో సుఖం ఉంది. బారుకు, అంటే నాలుగు దెబ్బల ఆవర్తానికి, నాలుగు బేస్ స్వరాలు నడుస్తూ వాటి మధ్య కార్డు తునకలు పడుతుంటే వినేవాళ్ల పాదం దానంతట అదే కదులుతుంది. శాక్సోఫోన్ కాళ్ల కింద నేల గట్టిగా ఉంటుంది. మనోధర్మంలో ఎంత దూరం వెళ్లినా తిరిగి రావలసిన చోటు తెలుస్తుంది. బ్లూస్‌కు, హుషారుగా నడిచే పాటలకు, జనం మాట్లాడుకుంటూ వినే చోట్లకు ఇదే నప్పుతుంది. అయితే వేగం నిమిషానికి 240 దెబ్బలకు చేరితే సెకనుకు నాలుగు బేస్ స్వరాలు పడాలి. అప్పుడు నా మనసంతా వేళ్ల వెంటే పరుగెడుతుంది, చెవి మిత్రుడి వైపు తిరగదు. 1973లో ఎల్లా ఫిట్జెరాల్డ్ గొంతుకు జో పాస్ ఒక్క గిటార్‌తో తోడు వాయించిన ఆల్బం ఈ పద్ధతికి సాక్ష్యమని చాలామంది అంటారు. జాగ్రత్తగా వినండి. అన్నీ ఒకేసారి వాయిస్తున్నట్టు అనిపిస్తుందే గానీ ఆయన ఎక్కువసార్లు ఒకటి వినిపించి, దాన్ని వదిలి మరొకదానికి వెళతారు. మిగిలింది మన చెవే కల్పించుకుంటుంది.

అసలు చిక్కు స్థాయిది. డబుల్ బేస్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గిటార్ అడుగు తీగ 82 దగ్గర, అంటే ఒక స్థాయి పైన. టెనర్ అనే పెద్ద రకం శాక్సోఫోన్ అట్టడుగు స్వరం దాదాపు 104. కాబట్టి గిటార్ మీద మనం నడిపించే 'బేస్' నిజానికి బేస్ అంతస్తులో లేదు, టెనర్ మంద్రస్థాయి కూర్చున్న గదిలోకే చొరబడుతోంది. మిత్రుడు కిందికి దిగినప్పుడల్లా రికార్డింగులో ఏదో ముద్దగా వినిపించింది ఇందుకే. దానికంటే చిన్నదైన ఆల్టో శాక్సోఫోన్ 139 దగ్గరే ఆగిపోతుంది కనుక ఇరుకు కొంత తగ్గుతుంది. ఈ దారే కావాలనుకునే జంట ఆల్టో పట్టుకోవడం మంచిది. లేదంటే ఏడు తీగల గిటార్ ఉంది. జాజ్ గిటారిస్టు జార్జ్ వాన్ ఎప్స్ 1930ల చివర్లోనే అలాంటిది చేయించుకున్నారు. 'ఏ' స్వరానికి శ్రుతి చేసిన ఆ అదనపు తీగ 55 హెర్ట్జ్ వరకు దిగుతుంది. వాయించినదాన్ని రికార్డు చేసి తిప్పి తిప్పి వినిపించే లూపర్ పెడల్ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి చెబుతున్నాను: అది తాళం తప్పదు, మన మాటా వినదు. నాకు అక్కర్లేదు.

రెండో దారి కాగితం మీద సులువు, చేతుల్లో కష్టం. జెరోమ్ కెర్న్ 1939లో కట్టిన 'ఆల్ ద థింగ్స్ యు ఆర్' తీసుకుందాం. మొదటి కార్డు ఎఫ్ మైనర్ సెవెన్. దాని మీద బాణీ పలికే స్వరం ఏ ఫ్లాట్, అంటే ఆ కార్డులోని మూడో స్వరం. తర్వాత బి ఫ్లాట్ మైనర్ మీద డి ఫ్లాట్, అదీ మూడోదే. ఇ ఫ్లాట్ సెవెన్ మీద జి, మళ్లీ మూడోదే. కార్డు మేజరో మైనరో చెప్పేది మూడో స్వరమే కదా. దాన్ని శాక్సోఫోన్ పలికేస్తున్నప్పుడు గిటార్ మళ్లీ వాయించి సాధించేదేమిటి? ఎఫ్ మైనర్‌కు ఆరో తీగ, నాలుగో తీగ మొదటి మెట్టు మీద నొక్కితే చాలు. ఆధార స్వరం, ఏడో స్వరం వచ్చేస్తాయి. బి ఫ్లాట్ మైనర్‌కు అదే మెట్టు మీద ఐదో తీగ, మూడో తీగ. చేయి కదలదు, వేళ్లు ఒక్కో తీగ జరుగుతాయి, అంతే. నేను నాలుగు వేళ్లతో పట్టిన కార్డులకంటే ఈ రెండు తీగలతోనే పాట విచ్చుకుంది.

ఇది కొత్త సంగతి కాదు. కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో 1937 నుంచి కూర్చున్న గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ కార్డు మొత్తం పట్టినట్టు కనిపించినా చాలాసార్లు మోగేది ఒకటి రెండు స్వరాలే. మరి అంత పెద్ద బ్యాండ్ మధ్య ఆ పొదుపు సరే, ఇద్దరే ఉన్నప్పుడు బోసిగా ఉండదా? 1951లోనే లీ కోనిట్జ్ ఆల్టో, బిల్లీ బావర్ గిటార్ తప్ప మరొకరు లేకుండా 'ఇండియన్ సమ్మర్' రికార్డు చేశారు. అది వింటే ఈ ప్రశ్న కొంత మెత్తబడుతుంది.

బోసితనం నిజంగా బయటపడేది గిటార్ సోలోలో. మొదటి దారిలో దీనికి జవాబు లేదు. అంతవరకు ముగ్గురి పని చేసిన గిటార్ సోలోలోకి వెళ్లగానే కింద నేల మాయమవుతుంది, శాక్సోఫోన్ మెడలో వేలాడుతూ ఉంటుంది. రెండో దారిలో శాక్సోఫోన్ తోడు వాయిస్తుంది. 'ఆటమ్ లీవ్స్' జి మైనర్‌లో సి మైనర్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఏ హాఫ్ డిమినిష్డ్, డి సెవెన్ అని సాగుతుంది. వీటి ఏడో స్వరాన్నీ మూడో స్వరాన్నీ మార్చి మార్చి తీసుకుంటే బి ఫ్లాట్, ఏ, ఏ, జి, జి, ఎఫ్ షార్ప్ వస్తాయి. ఆరు కార్డులకు నాలుగే స్వరాలు, మెట్లు దిగినట్టు దిగుతాయి. మిత్రుడు వాటిని సబ్‌టోన్‌లో, గొంతు కంటే గాలే ఎక్కువ వినిపించేలా నెమ్మదిగా పట్టి ఉంచుతాడు. దాని మీద నేను ఒంటి తీగ మీద ఏం వాయించినా అతుకుతుంది. ఈ పనికి టెనరే మేలు.

నష్టం కూడా చెప్పాలి. 32 బార్ల కట్టడాన్ని ఇద్దరూ లోపల మోస్తూ ఉండాలి. ఒకరు జారితే పట్టుకునే మూడో మనిషి లేడు. బ్రిడ్జిలో, అంటే పాట మధ్య భాగంలో, మేమిద్దరం వేర్వేరు చోట్ల ఉన్నామని చివరి ఎనిమిది బార్లలో గాని గుర్తించని సాయంత్రాలున్నాయి. లెక్కగా దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను బారుకు ఒక్క దెబ్బకే పెట్టి సాధన చేశాక అది తగ్గింది. బాణీని ఎంత వదలాలన్నదీ దీనితో ముడిపడిన ప్రశ్నే. టెనర్ శాక్సోఫోన్ విద్వాంసుడు కోల్‌మన్ హాకిన్స్ 1939లో 'బాడీ అండ్ సోల్' వాయించినప్పుడు అసలు బాణీని మొదట్లో కాస్త చూపించి వదిలేశారు, రెండు కోరస్‌లూ (కోరస్ అంటే పాట మొత్తం ఒక చుట్టు) దాదాపు మనోధర్మమే. అయినా పాట ఎక్కడుందో చెప్పడానికి వెనక బ్యాండ్ ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు అంత దూరం వెళితే వినేవాడి చేతిలో దారం తెగిపోతుంది. మేము ప్రతి ఎనిమిది బార్లలో ఒకసారైనా బాణీ తునక కనిపించేలా చూసుకుంటాం.

మూడో దారికి పెద్ద ఉదాహరణ జాన్ కోల్ట్రేన్. 1959 నాటి ఒక సంగీత నాటకంలోని 'మై ఫేవరిట్ థింగ్స్'ను ఆయన 1960లో సొప్రానో శాక్సోఫోన్ మీద తీసుకుని, కార్డుల పరుగు తగ్గించి, ఒకే ఆధారం మీద నిలబెట్టి పదమూడు నిమిషాలకు పైగా సాగదీశారు. ఇద్దరికి ఇది ఆశ పెట్టే పద్ధతి. గిటార్ ఆరో తీగను డి వరకు దించి మోగిస్తూ ఉంటే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ కోల్ట్రేన్ వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ఉన్నాయి. మేము ప్రయత్నించినప్పుడు నాలుగో నిమిషానికి ఆధార స్వరం కాస్తా రొదగా మారింది. ఇక నాలుగు దెబ్బల పాటను ఐదుకు మార్చడమంటారా, ఆ సరదా ఒకటి రెండుసార్లకు మించి నిలవలేదు. లెక్క పెట్టుకోవడంలో పడి బాణీ మరిచాం.

ఈ దారిలో నాకు దక్కింది ఒకటుంది: లయను సడలించడం. ఇద్దరే కాబట్టి తొలి కోరస్‌ను దెబ్బ లేకుండా, ఒకరి శ్వాసను బట్టి ఇంకొకరు వాయించవచ్చు. నలుగురైదుగురితో దీనికి సైగలు కావాలి. ఇద్దరికి మిత్రుడి భుజం లేస్తే చాలు. నిమిషానికి 60 దెబ్బల పాట 32 బార్లు పూర్తయ్యేసరికి రెండు నిమిషాలు దాటుతుంది. అందుకే నెమ్మది పాటల్లో శాక్సోఫోన్‌కు ఒక కోరస్, గిటార్‌కు అర కోరస్, బ్రిడ్జి నుంచి మళ్లీ శాక్సోఫోన్ అని పంచుకుంటాం. అంతకు మించితే ఎంత మంచి పాటైనా సాగుతుంది.

కాబట్టి వేగం పాటకు ఆల్టోతో మొదటి దారి, నెమ్మది పాటలకూ కార్డులు తరచూ మారే పాటలకూ టెనర్‌తో రెండోది, కార్డులు తక్కువున్న వాల్ట్జ్ (మూడు దెబ్బల పాట) ఏదైనా దొరికితే మూడోది. మా కచేరీ జాబితాలో ఇప్పుడు పది పాటలుంటే ఏడు రెండో దారివే.

తేలనిది శ్రుతి గొడవ ఒక్కటే. 'ఆటమ్ లీవ్స్' ఇ మైనర్‌లో అయితే వేలు నొక్కకుండా మోగే నా ఆరు ఖాళీ తీగలూ పాటలో పనికొస్తాయి, కానీ శాక్సోఫోన్ మీద స్వరాల పేర్లు గిటార్‌వాటికి వేరు, మిత్రుడి ఆల్టోకు అది నాలుగు షార్పుల సి షార్ప్ మైనర్. జి మైనర్‌లో అయితే ఆల్టోకు ఇ మైనర్, టెనర్‌కు ఏ మైనర్, రెండూ అతనికి నల్లేరు మీద నడక. నాకు మాత్రం మూడు ఖాళీ తీగలు పోతాయి. ప్రస్తుతానికి జి మైనరే నడుస్తోంది, ఊపిరి అతనిది కాబట్టి.